దువ్వెన ఎందుకు, చెంచా ఎందుకు

బైండింగు షాపు,
జనవరి 18

అక్కా,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని కోప్పడకు. అసలు రాయకూడదనే అనుకున్నాను. కానీ నీ దగ్గర దాచుకుని నేను ఎన్నాళ్ళు ఉండగలను? మా పిడుగుకి బడిలో సీటు రాలేదు.

మూడేళ్ళు నిండాయి కదా అని కిందటి మంగళవారం మా వీధి చివర ఉన్న పిల్లల బడికి తీసుకెళ్ళాను. కొత్త గౌను, తెల్ల మేజోళ్ళు, తలకి రిబ్బను. దారి పొడుగునా గెంతుతూ వచ్చింది. పెద్ద టీచరమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, బల్ల మీద ఒక ట్రే పెట్టింది. అందులో దువ్వెన, చెంచా, పళ్ళ బ్రష్షు, గ్లాసు, సబ్బు, ఒక బొమ్మల పుస్తకం ఉన్నాయి. "ఒక్కొక్కటీ తీసి, దాంతో ఏం చేస్తారో చూపించమ్మా" అంది. నన్ను గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి నోరు విప్పొద్దంది. ఇంతేనా అని నేను ధీమాగా కూర్చున్నాను. ఆరింటికి ఆరూ తప్పింది.

ఏమేం చేసిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. "రోజువారీ వస్తువుల ఉపయోగం తెలియదు, బుద్ధి ఎదుగుదల పరీక్షించాలి" అని కార్డులో రాశారు. ఒకసారి రాశారంటే ఆ కార్డు ఏ బడికి వెళ్ళినా వెంట వస్తుందట. ఏప్రిల్ రెండో వారంలో ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. అప్పుడూ తప్పితే ఊరికి అవతల, ఎదుగుదల లేని పిల్లల కోసం పెట్టిన బడిలో వేయాలి.

మా అత్తగారికి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. "పిల్లని నా దగ్గరికి పంపించు, అయిదేళ్ళు వచ్చేదాకా నేను పెంచుతాను, నువ్వు నీ పుస్తకాలు కుట్టుకో" అని కబురు పంపింది. మంచి మనసుతోనే అన్నదనుకో. కానీ ఆవిడ ఊరు రైల్లో ఒక పగలంతా ప్రయాణం. ఆయన ఓడ ఎక్కి నాలుగు నెలలైంది, ఆయనకి ఇంకా చెప్పలేదు. నువ్వు ఇరవై ఏళ్ళుగా చిన్నపిల్లల బడి నడుపుతున్నావు. నా పిల్లని నేనే పాడు చేశానా? ఉన్నదున్నట్టు చెప్పు.

నీ చెల్లి


పిల్లల బడి, ఆఫీసు గది,
జనవరి 25

చెల్లీ,

ముందు ఏడుపు ఆపు. నువ్వు రాయలేదు గానీ కాగితం మీద సిరా అలుక్కుపోయిన చోట్లు నాకు కనబడుతూనే ఉన్నాయి.

ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఆ పరీక్షని తేలిగ్గా తీసిపారేయకు. ఎంతో ఆలోచించి చేసిన పరీక్ష అది. మామూలు ఇంట్లో పెరిగే మూడేళ్ళ పిల్ల ఆరింటిలో నాలుగైనా చూపిస్తుంది. నేను పిడుగుని చూసి ఏడాదిన్నర దాటింది. అప్పుడు చురుగ్గానే ఉంది, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టినా వెతికి తెచ్చేది. ఈ మధ్యలో ఏం జరిగిందో నువ్వే చెప్పాలి.

నాకు ఒక్కటే అనుమానం. నువ్వు షాపులో ఉన్నంతసేపూ పక్కింటావిడ చూసుకుంటుందని రాశావు కదా. ఆవిడ పిల్లకి చేతికి ఏదైనా ఇస్తుందా, లేకపోతే గోడకి ఆనించి కూర్చోబెట్టి తన పని తాను చూసుకుంటుందా? పిల్లలు కదలకుండా కూర్చుంటే పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది. ఆ హాయి పిల్లలకి మంచిది కాదు.

రోజూ పది నిమిషాలు ఆ ఆరు వస్తువులూ ముందు పెట్టుకుని కూర్చో. నువ్వు చేసి చూపించు, దానితో చేయించు. కసురుకోకు. నీకు కోపం ముక్కు మీద ఉంటుందని నాకు తెలుసు. అత్తగారికి ఇప్పుడే అవుననీ కాదనీ చెప్పకు.

అక్క


బైండింగు షాపు,
ఫిబ్రవరి 9

పంతులమ్మగారికి,

మీ ఆజ్ఞ ప్రకారం పది రోజులు పాఠం చెప్పాను. తల ప్రాణం తోకకి వచ్చింది. కసురుకోలేదు, రెండుసార్లు తప్ప.

విచిత్రం ఏమిటంటే, అద్దం ముందు నిలబెట్టి దువ్వెన ఇస్తే చక్కగా తల దువ్వుకుంటుంది. నా తలా దువ్వుతానని మీద పడుతుంది. కుళాయి దగ్గర సబ్బు ఇస్తే మోచేతుల దాకా నురగ. అన్నం దగ్గర చెంచా ఇస్తే ఒక మెతుకు కింద పడదు. అవే వస్తువులు ట్రేలో పెట్టి బల్ల మీద ఉంచానో, ఇక దాని ధోరణి దానిదే. నేను తల దువ్వి చూపిస్తే, పాపం అమ్మకి ఏమీ తెలియదన్నట్టు నా వైపు చూసి, దువ్వెన నా చేతిలోంచి లాక్కుంటుంది.

మొన్న అత్తగారి దగ్గర్నుంచి మళ్ళీ కబురు వచ్చింది. పిల్ల కోసం మంచం కూడా చేయించిందట. విన్నప్పటి నుంచి ఆ మంచమే కళ్ళ ముందుంది. పొద్దున్న ఒక పుస్తకానికి అట్ట తలకిందులుగా అతికించాను. పదేళ్ళలో ఎప్పుడూ జరగలేదు.

నీ చెల్లి


పిల్లల బడి, ఆఫీసు గది,
ఫిబ్రవరి 15

చెల్లీ,

అద్దం ముందు చేస్తుంది, ట్రేలో చేయదు. ఇది బుద్ధి తక్కువ పిల్ల లక్షణం కాదు. నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు నా పెన్ను విరగ్గొట్టి వారం రోజులు నాతో ఎంత మర్యాదగా ఉన్నావో, నీ ఉత్తరాలు సరిగ్గా అలాగే ఉన్నాయి.

ఆ రోజు ఏ వస్తువుతో ఏం చేసిందో ఒక్క ముక్క వదలకుండా రాయి. చెయ్యి రాకపోతే రెండో చేత్తో రాయి.

అక్క


బైండింగు షాపు,
ఫిబ్రవరి 21

అక్కా,

తిట్టబోతున్నావని తెలిసే రాస్తున్నాను. పక్కింటావిడ మాట అబద్ధం. పిల్లకి ఏడాది నిండేసరికే ఆవిడ మోకాళ్ళ నొప్పులని చేతులెత్తేసింది. అప్పటి నుంచీ పిడుగు రోజంతా నాతోనే షాపులో ఉంటోంది. కత్తులూ సూదులూ జిగురూ ఉన్న గదిలో పసిపిల్లనా అని నువ్వు అప్పట్లో పెద్ద గొడవ చేశావు, గుర్తుందా? అందుకే చెప్పలేదు. కోత యంత్రం ముందు గదిలో ఉంటుంది, దానికి తాళం వేస్తాను. పిల్ల నా బల్ల చివర, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుంటుంది. రోజూ పొద్దున్నే నా పనిముట్లన్నీ ఒక రేకు ట్రేలో సర్ది దాని ముందే పెట్టుకుంటాను. ఇప్పుడు చదువు.

దువ్వెన తీసుకుని టీచరమ్మ బల్ల మీద మెలికలు తిప్పుతూ గీసింది. అట్ట లోపలి వైపు అతికించే కాగితాలకి నేను రంగు కలిపిన జిగురు పూసి, తడి ఆరకముందే దువ్వెనతో అలలు గీస్తాను. మా షాపుకి పేరు తెచ్చినవే ఆ కాగితాలు. తర్వాత చెంచా తిరగేసి, దాని వీపుతో బల్ల అంచు రుద్దింది. కాగితం మడత పదునుగా రావాలంటే అలాగే రుద్దాలి. పళ్ళ బ్రష్షు కుచ్చు మీద బొటనవేలు పెట్టి టీచరమ్మ వైపు చిమ్మింది. పుస్తకం అంచుల మీద రంగు చుక్కలు చిలకరించేది అలాగే. గ్లాసు బోర్లించి చుట్టూ వేలితో గీసింది. అట్టల మూలలు గుండ్రంగా కోయాలంటే ముందు గ్లాసుతో గీత గీసుకుంటాను. సబ్బు మీద లేని దారాన్ని పెట్టి లాగింది. సబ్బు రాసిన దారం చిక్కుపడదు.

దువ్వెన దగ్గరే నాకు అర్థమైపోయింది. అయినా నోరు విప్పలేదు. పిల్ల షాపులో ఉంటుందని చెప్పాలంటే, "పిల్లని ఎవరు చూసుకుంటారు" అని ఫారంలో అడిగినచోట పక్కింటావిడ అని నేను రాసిన అబద్ధం బయటపడుతుంది. నా పరువు కోసం నా కూతుర్ని తెలివి తక్కువదని రాయించాను అక్కా. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆరోది పుస్తకం. అది తెరవనే లేదు. తిప్పి కుట్టు ఉన్న వైపు చూసింది. రెండు అట్టలూ పట్టుకుని ఊపింది. వాసన చూసింది. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, బరువుకని పైన గ్లాసు పెట్టింది. "పుస్తకం ఎందుకో తెలియదు" అని ఆవిడ ఎర్ర సిరాతో రాసింది. పుస్తకాలు కట్టి బతికే ఇంటి పిల్ల మీద రాసింది.

మిగతా అయిదూ తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. ఇది తలుచుకుంటే రాదు, ఎందుకంటే ఇది నిజం. షాపులో ఉన్నవన్నీ పరాయి పుస్తకాలు. "ముట్టుకోకు, తడిగా ఉంది" అన్న మాట తప్ప పుస్తకం గురించి నేను దానికి ఏనాడూ ఏమీ చెప్పలేదు.

నీ చెల్లి


పిల్లల బడి, ఆఫీసు గది,
మార్చి 1

చెల్లీ,

నీ ఉత్తరం చదువుతూ, బ్రష్షు దగ్గరికి వచ్చేసరికి పగలబడి నవ్వాను. పక్క గదిలోంచి ఆయా పరిగెత్తుకొచ్చింది. ఆవిణ్ణి పంపించేసి తలుపు వేసుకున్నాను. తిట్లు ఎక్కడికీ పోవు, తీరిగ్గా తిడతాను. ముందు నేను దాచింది చెప్పాలి.

ఆ ఆరు వస్తువుల పరీక్ష నేను తయారుచేసిందే. పదకొండేళ్ళ కిందట టీచర్ల సంఘం వాళ్ళు అడిగితే, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక్క పూటలో రాశాను. కళ్ళెత్తితే కనిపించిన వస్తువులే అందులో పెట్టాను. మా ఇంట్లో దువ్వెన తలకి, కాబట్టి లోకమంతా తలకే అనుకున్నాను. దాన్ని కార్డులుగా అచ్చువేసి ఊరూరికీ పంపారు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఈ మాట చెప్పాల్సింది. నా పరీక్షలో తప్పుందని ఒప్పుకోవడం కంటే, నీ కూతురికి తెలివి లేదనుకోవడం నాకు సులువైంది. పైగా పక్కింటావిణ్ణి ఆడిపోసుకున్నాను. నువ్వు పరువు చూసుకున్నావని ఏడుస్తున్నావు, నేను చూసుకున్నదీ అదే.

ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని చూస్తూ కూడా పప్పులో కాలేశాను. పిల్లలు వస్తువుని చూసి అది ఎందుకో కనిపెట్టరు. దాన్ని పట్టుకున్న మనిషిని చూస్తారు. తనకి ఇష్టమైన మనిషి ఒక్కసారి చేస్తే చాలు, అది అందుకే పుట్టిందని వాళ్ళకి తేలిపోతుంది. నీ కూతురికి అద్దం ముందు దువ్వెన తలకి, ట్రేలో దువ్వెన కాగితానికి. రెండూ తెలుసు, ఎక్కడ ఏది చేయాలో కూడా తెలుసు. ఇంతకన్నా తెలివి ఎలా ఉంటుందో నువ్వే చెప్పు.

నిన్న మా బడిలో ఒక పని చేశాను. పిల్లలకి దువ్వెన ఇచ్చి, తల దువ్వి చూపించాక ఆపకుండా "ఇంకా?" అని అడిగాను. ఆరేళ్ళవాడు ఒకడు నన్ను జాలిగా చూసి, "దువ్వెన తలకే కదా టీచర్, ఇంకెందుకు?" అన్నాడు. వాడు పరీక్షలో ఆరుకి ఆరు తెచ్చుకున్నవాడు. మూడేళ్ళవాళ్ళు మాత్రం రెచ్చిపోయారు. ఒకతి దాన్ని బొమ్మకి నిచ్చెన చేసింది. ఇంకొకతి గోకి వాయించింది. పెద్దయ్యేకొద్దీ మనకి తెలిసేది పెరుగుతుందనుకుంటాం గానీ, కొంత మూసుకుపోతుంది కూడా.

మీ పెద్ద టీచరమ్మకి ఉత్తరం రాశాను, ఆ పరీక్ష నాదేనని, అందులో తప్పుందని. కార్డులో ఉన్నట్టే పరీక్ష పెడతానని, ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడగొద్దని మాత్రం ఎక్కడా అచ్చువేసి లేదని జవాబు రాసింది. గట్టి మనిషే, నాకు నచ్చింది. నువ్వు వెళ్ళి ఫారంలో అబద్ధం దిద్దుకో. పిల్లకి పాఠాలు ఇక ఆపెయ్. అయిదు వస్తువుల సంగతి నాకు వదిలెయ్. ఆరోది మాత్రం నువ్వన్నట్టు నీ తప్పే, అది నువ్వే చూసుకోవాలి.

అక్క


బైండింగు షాపు,
మార్చి 19

అక్కా,

ఫారం దిద్దాను. టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, "కోత యంత్రానికి తాళం ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. రెండు నెలలు నేను భయపడి చచ్చిన మాట అంతటితో అయిపోయింది.

పుస్తకం సంగతి. అట్టలు అతికించాక బిగింపు చెక్కల మధ్య పెడితే, జిగురు పట్టేదాకా నాకు చేతులు ఖాళీయే. ఇదివరకు ఆ సమయంలో బల్ల తుడిచేదాన్ని. మొదటిరోజు, ఎవరో బాగుచేయమని ఇచ్చిన పాత బొమ్మల పుస్తకం తీసుకుని, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెరిచాను. "తడి" అని నా చెయ్యి పట్టుకుంది. "ఆరిపోయిందిలే, చూడు" అన్నాను.

లోపల ఏనుగు ఉంది. పిడుగు ఆ ఏనుగుని చూసింది, నన్ను చూసింది, అట్ట మూసింది, మళ్ళీ తెరిచింది. ఏనుగు ఇంకా అక్కడే ఉంది. తర్వాత షాపులో ఉన్న పుస్తకాల వరసలన్నిటి వైపూ తిరిగి, "అన్నిట్లో ఉందా?" అంది. అన్నిట్లో ఏదో ఒకటి ఉందని చెప్పాను. పదేళ్ళుగా ఆ వరసల మధ్యే తిరుగుతున్నాను, నేనూ ఆ రోజు వాటిని కొత్తగా చూశాను.

ఇప్పుడు చెక్కలు బిగించిన చప్పుడు వినబడితే చాలు, పరిగెత్తుకొచ్చి నా మోకాళ్ళ దగ్గర నిలబడుతుంది. పని వెనకబడుతోంది. పడనీ.

నీ చెల్లి


బైండింగు షాపు,
ఏప్రిల్ 11

అక్కా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే గెంతుతావు, నీ వయసుకి మంచిది కాదు.

ఇవాళ పొద్దున్న వెళ్ళాం. మా వెనక బారుగా ఇంకా తొమ్మిదిమంది తల్లులు పిల్లలతో ఉన్నారు. నన్ను మళ్ళీ గోడ పక్కనే కూర్చోబెట్టారు. మా అత్తగారు కూడా వచ్చింది. తప్పితే పిల్లని అట్నుంచటే తీసుకెళ్ళిపోదామని పెట్టెతో సహా దిగింది. ఆ పెట్టె నా కాళ్ళ పక్కనే ఉంది.

దువ్వెన ఇచ్చారు. పిడుగు బల్ల మీద అలలు గీసింది. నేను కాళ్ళ పక్కనున్న పెట్టె వైపు చూశాను. టీచరమ్మ కార్డులో ఏదో రాసుకుని, కలం ఎత్తి, "ఇంకా?" అంది. పిడుగు ఆవిడ వైపు ఒక్క క్షణం చూసింది. ఆ మాట అడిగే మనిషి దానికి ఎప్పుడూ తగల్లేదు. ఇక చూడు. తల దువ్వుకుంది. దువ్వెన పళ్ళ మీద గోరు పెట్టి వాయించింది. నోటికి అడ్డం పెట్టుకుని ఊదింది. టీచరమ్మ శాలువా అంచు కుచ్చులు చిక్కు పడి ఉంటే వాటిని పట్టుకుని దువ్వేసింది. "ఇంకా?" అని అడగడం ఆవిడే మానేసింది, ఇది మానలేదు.

చెంచాతో మడత రుద్దింది, అన్నం తిన్నట్టు చూపించింది, డబ్బా మూత లేపింది, అందులో తన ముఖం తలకిందులుగా చూసుకుని నవ్వింది. గ్లాసుతో గీత గీసింది, నీళ్ళు తాగింది, గోడకి ఆనించి చెవి పెట్టింది. ఆ చివరిది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు, మా పక్కింటివాళ్ళకి తెలియకపోతే బాగుండు. బ్రష్షుతో చిమ్మింది, పళ్ళు తోముకుంది, టీచరమ్మ గోళ్ళు తోమింది. సబ్బు దారానికీ చేతులకీ మాత్రమే కాక, బిగుసుకున్న సొరుగు అంచుకి కూడా రాసింది. ఆ సొరుగు ఏడాదిగా తెరుచుకోవడం లేదట, టీచరమ్మ లాగితే జర్రున వచ్చేసింది. బారులో ఉన్న తల్లులు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. మా అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది.

ఆఖర్న పుస్తకం. పిడుగు తిప్పి చూసింది, ఊపింది, వాసన చూసింది. "కుట్టు ఊడింది" అని తీర్పు చెప్పింది. ఊడిన మాట నిజమే, నాకు కూడా అక్కడినుంచే కనబడుతోంది. టీచరమ్మ కార్డు పక్కకి నెట్టి, "పుస్తకం ఎందుకమ్మా?" అని అడిగింది. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆవిడ మోకాళ్ళు పట్టుకుని పైకి ఎక్కి, సర్దుకుని కూర్చుని చెప్పింది:

"ఒళ్ళో కూర్చోడానికి."

పిడుగే పుస్తకం తెరిచి, ఆవిడ చెయ్యి తీసి మొదటి పేజీ మీద పెట్టి, "ఊఁ" అంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. మొత్తం చదివించుకుని గానీ ఇది దిగలేదు. బారులో ఉన్న పిల్లలందరూ వచ్చి కుర్చీ చుట్టూ చేరారు. చదవడం అయ్యాక ఆవిడ పాత కార్డు మీద అడ్డంగా గీత కొట్టేసి, నాకు చూపించి మరీ చింపేసింది. "ఈ పిల్లకి సీటు ఇవ్వడం కాదు, ఈ పిల్ల మా బడికి రావడం మాకు మంచిది" అంది. నేను అందరి ముందూ భోరున ఏడ్చాను. సిగ్గు పడలేదు.

అత్తగారు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వారం ఉంటుందట. సోమవారం పిల్లని బడికి తనే దింపుతానంటోంది. ఆయనకి ఇవాళే రాశాను, నాలుగు పేజీలు. నిన్ను తిట్టే పని మాత్రం మిగిలిపోయింది, దానికి నువ్వే రావాలి.

నీ చెల్లి


పిల్లల బడి, ఆఫీసు గది,
ఏప్రిల్ 20

చెల్లీ,

నిలబడే చదివాను. గెంతాను కూడా.

మొన్న టీచర్ల సంఘం సమావేశంలో లేచి, నా పరీక్ష తప్పని నేనే చెప్పాను. పదకొండేళ్ళు దానికి చప్పట్లు కొట్టినవాళ్ళ ముందు చెప్పడం కష్టంగానే ఉంది. మీ టీచరమ్మ లేచి నిలబడి, తన ఒళ్ళో జరిగింది చెప్పింది. ఆ తర్వాత పాత కార్డులు మానేయాలని తేల్చారు. కొత్త కార్డులో తప్పు అని రాయడానికి గడి లేదు. ప్రతి వస్తువు కిందా "ఇంకా?" అని ఉంది. తప్పిన పిల్లలందర్నీ మళ్ళీ పిలవాలని తీర్మానం కూడా చేశాం.

మా బడిలో నేను వెనక్కి పంపినవాళ్ళు అయిదుగురు. ఇవాళ మొదటి ఇంటికి వెళ్ళాను. బూట్లు కుట్టే ఆయన కూతురు. కిందటేడు ఈ పిల్ల చెంచా తీసుకుని, బల్ల కింద దూరి, నా మడమ వెనక పెట్టింది. అల్లరి అనుకుని తప్పు వేశాను. వాళ్ళ నాన్న బూట్లు తొడిగి చూసేటప్పుడు మడమ జారడానికి చెంచా పెడతాడని ఇవాళ కళ్ళారా చూశాను.

గుమ్మంలో నా బూట్లు విప్పి కూర్చున్నాను. చెంచా ఇచ్చి, "దీంతో ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. ఏడాది కిందట తప్పు వేయించుకున్న పిల్ల, తండ్రి వైపు చూసింది, నా వైపు చూసింది, భయం భయంగా వంగి నా మడమ వెనక చెంచా పెట్టింది. ఈసారి నేను కాలు ముందుకు చాపాను. బూటు సుఖంగా ఎక్కింది. రెండో బూటుకి అది నన్ను అడగలేదు, నా కాలు తనే పట్టుకుంది.

అక్క